కూర కంచె దాటరాదు

పేదవాడిగా పుట్టడం ఎవరికైనా సాధ్యమే. పేదవాడిగా గుర్తింపు పొందాలంటే మాత్రం యోగ్యత ఉండాలి. ఈ సత్యాన్ని లోకానికి చాటిన ఘనత మా మండలంలోని కుటుంబ స్థితి నిర్ధారణ కేంద్రానిది. పూర్వం చొక్కా చూసో, ఇంటి కప్పు చూసో ఫలానావాడు బీదవాడని ఎవరికి తోచినట్టు వాళ్లు అనేసుకునేవారు. అదంతా అశాస్త్రీయం. ఇప్పుడు ఆ మాట కంప్యూటర్ చెబుతుంది. అది మనిషి ముఖం చూడదు కనక మొహమాటపడదు.

మాది అంబాజీపేట పక్క ఊరు. మా వీధి చివర వెంకటస్వామి అని కొబ్బరికాయలు వలిచే మనిషి ఉన్నాడు. నేలలో పాతిన గునపం మీద కాయను పొడిచి, తిప్పి, పైనున్న పీచు డొక్క ఊడదీయడం అతని వృత్తి. పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికి అతని చుట్టూ డొక్కలు నడుం ఎత్తు లేస్తాయి. భార్య కుసుమ ఎండుకొబ్బరి కురిడీల కొట్టులో పనిచేస్తుంది. వాళ్లకు ఒక్కతే కూతురు, రమ్యశ్రీ. కొబ్బరి చెట్లకు తెల్లదోమ పట్టి, దిగుబడి పడిపోయి, తండ్రికి వారంలో సగం రోజులు పని లేకుండా పోయిన కాలంలో ఆ పిల్ల రాలిన ఆకులు ఏరుకుని వాటి వెనకవైపు భూతద్దంతో చూస్తూ కూర్చునేది. దోమ సంగతి తేల్చాలని దాని పట్టుదల. ఉద్యాన కళాశాలలో సీటు తెచ్చుకుంది కూడా. బీద కుటుంబమైతే ఫీజు ప్రభుత్వమే కడుతుంది. కనక ఇక మిగిలింది బీదవాళ్లమని కంప్యూటర్ చేత అనిపించుకోవడమే.

వెంకటస్వామిని కేంద్రానికి నా మోటార్ సైకిల్ మీద నేనే తీసుకెళ్లాను. (నాది అంటే నేను నడిపేది. కాగితాల ప్రకారం అది మా బావమరిదిది.)

కేంద్రంలో అధికారి సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు. చాలా మర్యాదస్తులు. పూర్తి పేరు సంతకం చేసేసరికి వెనక వరసలో ఇద్దరు టీ తాగి రావచ్చు. ఆయన కంప్యూటర్ కేసి చూసి, లేచి నిలబడి, వెంకటస్వామికి కుర్చీ వేయించారు.

"కూర్చోండి. తమకి కారుందండి," అన్నారు.

"నాకాండి?"

"ఆయ్. తెల్లది."

వెంకటస్వామి నా వైపు చూశాడు. కాసేపటికి వెలిగింది. "అది మా పక్కింటి చిట్టెమ్మ పిన్నిగారి అబ్బాయి సత్యప్రసాద్‌దండి. నా పేరున కొనుక్కున్నాడండి. నేను దాంట్లో ఒక్కసారే కూచున్నానండి, పూజ చేయించిన రోజున. చక్రం నిమ్మకాయ తొక్కేదాకా. వెంటనే దిగిపోయేనండి."

"ఎంతసేపు కూచున్నారన్నది మాకు అక్కర్లేదండి."

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. మా ఊళ్లో పేరు ఇవ్వడమంటే నిచ్చెన ఎరువిచ్చినట్టే. కావలసినవాడు అడుగుతాడు, ఉన్నవాడు కాదనడు. మా బావమరిది గ్యాస్ వాళ్ల మేనత్త పేరున ఉంది. ఆవిడ ఫోన్ నంబరు ఎవరి పేరున ఉందో ఆవిడకే తెలియదు (మోగితే మాత్రం ఎత్తుతుంది). సత్యప్రసాద్ దోహాలో ఏసీలు బాగుచేస్తాడు. సెలవుకి వచ్చినప్పుడు తిరగడానికి పాత కారొకటి కొన్నాడు. అది ఇంట్లోవాళ్ల పేరున ఉంటే తల్లి చిట్టెమ్మ గారి వితంతు పింఛను ఆగిపోతుందని, "అన్నయ్యా, నీ పేరొకటి ఇయ్యవా," అని అడిగాడు. వెంకటస్వామి దగ్గర అప్పటికి వాడకుండా పడున్నది పేరొక్కటే. ఇచ్చేశాడు. ఆ కారు ఏడాదిలో ఎక్కువకాలం చిట్టెమ్మ గారి పెరట్లో పరదా కప్పుకుని ఉంటుంది. దానివల్ల ప్రస్తుతం లాభపడుతున్నది దాని కింద గుడ్లు పెట్టే కోళ్లు మాత్రమే.

"పేరు మార్పించేస్తే పోదాండీ?" అన్నాను నేను.

"నిక్షేపంలా మార్పించుకోండి. ఎవరి పేరునండి?"

ఊళ్లోకి వచ్చి అడిగి చూశాం. విషయం పొక్కిన గంటలో ఊళ్లో పేర్లన్నీ అయిపోయాయి. కోరి అడిగిన నలుగురూ, తమ పేరు ఇదివరకే వేరొకరు వాడుకుంటున్నారని చెప్పారు. చిట్టెమ్మ గారు మాత్రం తనంతట తానే వచ్చింది. "నా పేరున రాయించెయ్ నాయనా. పింఛను పోతే పోయింది. పిల్ల చదువు కంటేనా," అంది. వెంకటస్వామి ఒప్పుకోలేదు. ఆవిడ షుగరు మందులు ఆ పింఛనుతోనే వస్తాయని వీధిలో అందరికీ తెలుసు.

మళ్లీ కేంద్రానికి వెళ్లాం. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు జాలిపడ్డారు. ఆయన జాలి నిబంధనలకు లోబడి ఉంటుంది కానీ ఉంటుంది.

"కారున్న కుటుంబంలో బీదవాళ్లు ఉండకూడదండి. అయితే కారున్నాయన ఆ కుటుంబంలో ఉండి తీరాలని ఎక్కడా రాయలేదండి," అన్నారు.

వెంకటస్వామి కుర్చీలోంచి లేచిపోయాడు. "విడాకులాండి?"

"అబ్బెబ్బే! అయ్యి కోర్టువారి పనండి. మా దగ్గర పొయ్యి వేరైతే చాలండి. పొయ్యెంతో కుటుంబమంత."

ఎంత సులువో చూడండి. శాస్త్రాలు, పురాణాలు కుటుంబమంటే ఏమిటో చెప్పడానికి తంటాలు పడ్డాయి. కేంద్రం వారు ఒక్క పొయ్యితో తేల్చేశారు. రెండు పొయ్యిలు, రెండింటికీ మధ్య కంచె, ఎవరి గిన్నెలు వారివి, ఒక పొయ్యి పొగ రెండో ఇంట్లోకి పోకూడదు (గాలివాటు మినహాయింపు). అధికారి వచ్చి ఫోటో తీసుకుంటారు. ఆ తర్వాత ఎప్పుడైనా చెప్పకుండా వస్తారు.

ఇంట్లో ఈ మాట చెప్పినప్పుడు నేనూ ఉన్నాను. రమ్యశ్రీ వినీ వినడంతోనే, "నాకా సీటొద్దు నాన్నా. ఇక్కడే ఏదో డిగ్రీ కట్టుకుంటాను. మీరిద్దరూ చెరోచోట వండుకుంటుంటే నేనక్కడ ఏం చదువుతాను?" అంది. కళ్లనిండా నీళ్లు.

వెంకటస్వామికి కోపం రావడం నేను చూడటం అదే మొదలు. "సీటొద్దా? మరి చెట్లకి పట్టిన దోమని ఎవరు చూస్తారే? నేనా? నాకు కాయ వలవడం తప్ప ఏం వచ్చు? ఆ పని కూడా ఎన్నాళ్లుంటాదో తెలీదు. నువ్వెళ్తున్నావంతే." అని గోడకేసి తిరిగి కూచున్నాడు.

కుసుమ లేచి, పెరట్లో డొక్కలు దాచే పాక కేసి చూసి వచ్చింది. చివరికి, "పొయ్యి డొక్కల పాకలో పెట్టకండి, అంటుకుపోద్ది. బయట పెట్టుకోండి," అంది. ఆ ఇంట్లో తీర్మానాలు ఆమోదం పొందే పద్ధతి అది.

కొబ్బరి ఆకుల తడికతో ఇంటి స్థలాన్ని రెండుగా చేశారు. అవతల ఇల్లు, ఇవతల డొక్కల పాక, పాక ముందు మూడు రాళ్ల పొయ్యి. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు వచ్చి, పొయ్యిలకు విడివిడిగా ఫోటోలు తీసి, తడికను చేత్తో ఊపి చూసి, కుటుంబం శాస్త్రీయంగా విడిపోయిందని సంతృప్తి చెందారు. కుసుమ, రమ్యశ్రీ బీదవాళ్లుగా ఉత్తీర్ణులయ్యారు. ఫీజు మంజూరైంది. పిల్ల హాస్టల్లో చేరింది.

వారం తిరగకుండా ఆయన మళ్లీ వచ్చారు. భోజనాల వేళ. వెంకటస్వామి పాక ముందు కూచుని తింటున్నాడు. అన్నం అతనే వండుకున్నాడని ఎవరూ చెప్పనక్కర్లేదు, గంజీ అన్నం ఒకే పదార్థంగా ఉన్నాయి. దాని పక్కన మాత్రం వంకాయ ఎండుమెత్తళ్ల పులుసు ఘుమఘుమలాడుతోంది. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు వంగి ఒక్కసారి వాసన పీల్చారు.

"ఈ కూర తమరే వండేరాండి?"

"ఆయ్, నేనేనండి."

"బావుందండి. చింతపండు పులుసు ఎప్పుడు పోసేరు?"

వెంకటస్వామి ఆలోచనలో పడ్డాడు. నూనె కంటే ముందా, తర్వాతా అని అతను తేల్చుకునేలోపు తడిక అవతల నుంచి కుసుమ గొంతు వినిపించింది. "వంకాయ మగ్గేకండి!"

తన వంటను తప్పుగా చెబుతాడేమోనని ఆ ఇల్లాలికి భయం. ఏం చేస్తుంది పాపం.

'కూర రాకపోకలు గమనించడమైనది' అని అధికారి నమోదు చేసుకున్నారు. కూర కంచె దాటితే కుటుంబం తిరిగి ఏకమైనట్టే లెక్క. మొదటి తప్పు కనక మందలించి వదిలేస్తున్నామని, ఇంకోసారి దాటితే అమ్మాయి ఫీజు వెనక్కి తీసుకుంటామని చాలా మర్యాదగా చెప్పారు. మాటలు దాటవచ్చునన్నారు. ఆవకాయ కూర కిందికి వస్తుందో రాదో పై అధికారులకు రాసి తెలుసుకుంటామన్నారు. (జవాబు రావలసి ఉంది.)

ఆ రోజు నుంచి ఏమీ దాటలేదు. సాయంత్రం పనైపోయాక అతను ఇటు, ఆవిడ అటు కూచుని తడికతో మాట్లాడుకునేవారు. పప్పులో ఉప్పు ఎంత వేయాలో ఆవిడ చెప్పేది, అతను వేసేవాడు, అయినా అది పప్పు అయ్యేది కాదు. మనిషి చిక్కిపోయాడు. ఒకసారి నాతో అన్నాడు: "ఇన్నేళ్లు ఆవిడొండింది తిన్నానండి. బావుందని ఒక్కరోజూ అనలేదండి. ఇప్పుడు అందామంటే తినడానికి లేదు కదండీ." తడిక పీకి అవతల పారేద్దామన్నంత కోపం వచ్చింది. పిల్ల ఫీజు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇలా ఉండగా కంప్యూటర్ మరో అడుగు ముందుకు వేసింది. దాని లెక్క ప్రకారం మా ఊళ్లో వెంకటస్వామి అనే ఒంటరి మనిషి ఉన్నాడు. సొంత కారు. సొంత పొయ్యి. పోషించవలసినవారు ఎవరూ లేరు. ఇంతటివాడిని స్థితిమంతుడు అనక ఏమంటారు? మండలంలోని స్థితిమంతుల్లో అతన్ని చేర్చి, 'ఆత్మీయ దాత' పథకం కింద సన్మానానికి పిలిచారు. కలిగినవారు తలా ఒక బీద కుటుంబాన్ని చేరదీయాలన్నది పథకం ఉద్దేశం. ఉద్దేశంలో వంక పెట్టడానికేమీ లేదు.

వరి మిల్లు యజమానికీ, రొయ్యల చెరువుల ఆసామికీ మధ్య కుర్చీలో వెంకటస్వామిని కూచోబెట్టి శాలువా కప్పారు. అతను ఆ శాలువాను చాలాసేపు తడిమి చూసుకున్నాడు. దాతకు అందుబాటులో ఉండేందుకు, అతనికి అతి దగ్గరలో ఉన్న బీద కుటుంబాన్ని కంప్యూటరే ఎంపిక చేసింది. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు మైకులో చదివారు.

"దాత: వెంకటస్వామి గారు. ఆదుకోబడే కుటుంబం: కుసుమ గారు, కుమార్తె రమ్యశ్రీ. ఉభయులకూ పూర్వపరిచయం లేదు."

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చుట్టూ కొడుతుంటే చేతులు ఆగలేదు.

వేదిక దిగాక వెంకటస్వామి ఆయన్ని పక్కకి పిలిచాడు. "బాబుగారూ, ఈ దాతగిరీ నాకొద్దంటే ఏమవుద్దండి?"

"స్థితి తప్పుగా చూపించేరని అనుమానమొస్తాదండి. మళ్లీ మొదట్నుంచీ పరిశీలన. అందాకా అమ్మాయి ఫీజు ఆగుద్దండి."

"మరి నేనేం చెయ్యాలండి?"

"పెద్ద పనేం కాదండి. నెలకోసారి, మొదటి శనివారం, ఆ కుటుంబాన్ని చూడ్డానికెళ్లండి. కష్టసుఖాలు కనుక్కోండి. వాళ్లింట్లో భోంచేసి ఫోటో పంపండి."

వెంకటస్వామి ముఖం వెలిగిపోయింది. "వాళ్లొండిందే తినొచ్చాండి?"

"తినాలండి. నిబంధన."

మొదటి శనివారం రానే వచ్చింది. రమ్యశ్రీ హాస్టల్ నుంచి వచ్చింది. తెల్లదోమ మీద ఏవో మందులు పనిచేయడం లేదనీ, దోమని తినే పురుగులున్నాయనీ తడికకు రెండువైపులా వినబడేలా చెప్పింది. కుసుమ పొద్దున్నుంచీ వండింది. వంకాయ ఎండుమెత్తళ్ల పులుసు, పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి. వెంకటస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడిక చుట్టూ తిరిగి, వీధిలోంచి వచ్చి, తన గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రావచ్చో లేదో అతనికి తెలియలేదు. కుసుమ కాళ్లకు నీళ్లిచ్చింది.

తిన్నాడు. రెండోసారి పులుసు పోయించుకున్నప్పుడు తలెత్తకుండానే, "బావుందే," అన్నాడు. కుసుమ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సరిగ్గా అప్పుడే రమ్యశ్రీ ఫోటో తీసింది.

ఫోటో ఆమోదం పొందింది. సాధారణంగా తిప్పి పంపుతారు, దాత నవ్వలేదనో, విస్తరి కనబడలేదనో. దీనికి మాత్రం సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు స్వయంగా మెచ్చుకోలు రాశారు: 'ఇంత ఆప్యాయత సొంత కుటుంబాల్లో కూడా చూడలేదు.'

వెళ్లేముందు, మిగిలిన పులుసు గిన్నెలో పోసి ఇవ్వబోయింది కుసుమ. అతను చేయి చాపి, కూతురు వైపు చూసి, చేయి వెనక్కి తీసుకున్నాడు. చెప్పులేసుకుని వీధిలోంచి చుట్టూ తిరిగి డొక్కల పాకకు వెళ్లిపోయాడు.

మళ్లీ భోజనం వచ్చే నెల మొదటి శనివారం. పిల్ల చదువు నాలుగేళ్లు.