కుళాయికి కొలతలు

హాల్లో ఉన్న నాలుగు అరల అలమారా కోసం ఆ ఇంట్లో మూడేళ్ళుగా యుద్ధం నడుస్తోంది. పై రెండు అరలు ఆయనగారి పనిముట్లవి, కింది రెండూ ఆవిడగారి కుట్టు గుడ్డలవి. ఓ సుత్తి సరిహద్దు దాటి కిందికి దిగినా, ఓ గుడ్డ ముక్క పైకెక్కినా ఆ పూట మొగుడూ పెళ్ళాలకి మాటలుండవు.

ఆయన ఓ ఆఫీసులో గుమాస్తా. దుకాణంలో ఇనప సామాను మెరుస్తూ కనబడితే చాలు, ముందు ఇంటికి తెచ్చేసి, అది దేనికి పనికొస్తుందో తీరిగ్గా ఆలోచిస్తాడు. పానాలే పదిహేడున్నాయి కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని పానాల రాయుడంటారు. ఆ పదిహేడూ కలిసి ఇప్పటిదాకా బిగించింది ఒక్క కుర్చీ కాలు. అదీ ఊగుతూనే ఉంది.

ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆవిడ కుట్టిన చొక్కా ఒకసారి తొడుక్కున్నవాళ్ళు ఇంకో గుమ్మం తొక్కరు. గిరాకీ పెరిగింది, గుడ్డలు పెరిగాయి, అరలు మాత్రం పెరగలేదు.

ఓ ఆదివారం పొద్దున్నే బాత్రూంలో వాష్‌బేసిన్ కుళాయి పిడి ఊడి ఆవిడ చేతికొచ్చింది. అప్పటికే అది కారుతోందని కొత్త కుళాయి కొని ఉంచింది. ఆవిడ ప్లంబరు నంబరు వెతుకుతుంటే రాయుడి బుర్రలో ఓ ఉపాయం మెరిసింది.

"ప్లంబరెందుకోయ్, నేను లేనూ?"

"మీరున్నారనే త్వరగా పిలుస్తున్నానండీ."

"నా మీద అంత చులకనా? అయితే పందెం. సాయంత్రంలోగా, బయటి మనిషి చెయ్యి పడకుండా, ఈ ఇంట్లో కొత్త కుళాయి బిగిస్తే అలమారా మొత్తం నాది."

"బిగించలేకపోతే?"

"నాలుగు అరలూ నీవే. తాళంచెవితో సహా!"

"అత్తయ్యగారూ, విన్నారుగా?" అంది ఆవిడ.

"విన్నానమ్మా," అంది హాల్లోంచి ఆయన తల్లి. "ఒరేయ్, ఇంకోసారి ఆలోచించుకో. నువ్వు బిగించిన కుర్చీలో కూర్చునేది నేనేరా."

రాయుడు ఆలోచించలేదు. ఆపరేషన్ చేసే డాక్టరులా తువ్వాలు పరిచి, దానిమీద పనిముట్లన్నీ వరసగా పేర్చి, మీసం మెలేసి బేసిన్ కిందికి దూరాడు. నీళ్ళు రాకుండా గోడకున్న చక్రం కట్టేశాడు. గొట్టం మర విప్పాడు.

మరుక్షణం నీళ్ళు రయ్యిమని మొహాన కొట్టాయి. "ఆగు, ఆగు!" అని ఆయన నీళ్ళని బతిమాలుకుంటున్నాడు. నీళ్ళు ఆయన మాట వినకుండా హాల్లోకి నడిచి వెళ్ళాయి.

"ఒరేయ్, నా చెప్పులు తేలుతున్నాయిరా!" అని తల్లి కేకేసింది.

ఆవిడ వచ్చి తలుపు వెనకున్న ఇంకో చక్రం తిప్పింది. నీళ్ళు ఆగిపోయాయి.

"మీరు కట్టింది వంటింటిదండీ."

"తెలుసు. ముందు జాగ్రత్తగా అదీ కట్టాను," అని రాయుడు నీళ్ళు నమిలాడు. అప్పటికి నోటినిండా ఉన్నవి కూడా అవే.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. కుళాయి అడుగున దాన్ని పట్టి ఉంచే నట్టు బేసిన్ వెనక, గోడ పక్కన నక్కి కూర్చుంది. సందులో రెండు వేళ్ళు పడతాయి, పానా పట్టదు. పొట్టిది అందలేదు, పొడుగుది తిరగలేదు. పదిహేడో పానా గోడకీ బేసిన్‌కీ మధ్య ఇరుక్కుంటే దాన్ని లాగడానికి పదహారోది వాడాల్సి వచ్చింది. చివరికి విసుగొచ్చి పళ్ళున్న పైపు రెంచి తీసి, పాత కుళాయినే పైనుంచి పట్టి తిప్పాడు. నట్టు కదల్లేదు కానీ బేసిన్ మొత్తం కిర్రుమని గోడని వదిలి ఓ అంగుళం ముందుకొచ్చింది. కుళాయి మీది మెరుపంతా పొట్టులా రాలిపోయింది.

"కొత్తదాన్ని కూడా ఇలాగే కొరికిస్తారా?" అంది ఆవిడ.

"గొట్టం మరకి చుట్టే టేపు అయిపోయింది, తెచ్చుకుంటాను," అని రాయుడు చొక్కా తొడుక్కుని బయటపడ్డాడు.

వీధి చివర ఇనప సామాన్ల దుకాణం. "బేసిన్ నట్టుకి పానా కావాలి," అన్నాడు.

"ఎంత నట్టు సార్?"

"ఇంత," అని రాయుడు రెండు వేళ్ళు చూపించాడు.

"పొద్దున్నుంచి ఇలా 'ఇంత' అన్నవాళ్ళలో మీరు నాలుగోవారు," అని దుకాణదారు ఓ పానా ఇచ్చాడు. ఇంటికి తెచ్చి చూస్తే అందులో ఆ నట్టు ఇద్దరు పిల్లలతో సహా కాపురం పెట్టొచ్చు. పానాల లెక్క పద్దెనిమిదికి చేరింది.

ఈసారి రాయుడు తెలివిగా బొటనవేలూ చూపుడువేలూ నట్టుకి ఆనించి, ఆ దూరం చెదరకుండా చెయ్యి గాల్లో పెట్టుకుని వీధిలోకి నడిచాడు. నిప్పుకణం పట్టుకున్నవాడిలా నడుస్తుంటే జనం తప్పుకుని దారిచ్చారు. దుకాణం పది అడుగుల్లో ఉందనగా ఆఫీసరు ఎదురుపడి, "ఏమయ్యా!" అని షేక్‌హ్యాండుకి చెయ్యి చాచాడు.

రాయుడి ప్రమోషన్ కాగితం ఆ ఆఫీసరు బల్లమీదే ఉంది. చేసేదిలేక చెయ్యిచ్చాడు. ఆఫీసరు గట్టిగా నొక్కి ఊపాడు. కొలత కాస్తా గాల్లో కలిసిపోయింది. అంతటితో వదిలినా బాగుండేది. టీ కొట్లో కూర్చోబెట్టి, రెండు గంటలసేపు తన మోకాలి నొప్పి గురించి చెప్పాడు. రాయుడు వీధికి వీపు పెట్టి కూర్చుని, ప్రతి మాటకీ తలాడించాడు.

చివరికి దుకాణం చేరేసరికి నీరసం వచ్చింది. "బేసిన్ వెనక, గోడ పక్కన ఉంటుంది బాబూ ఆ నట్టు," అని మొరపెట్టుకున్నాడు.

"ఆ ముక్క ముందే చెప్పొద్దా సార్? దానికి పొడుగు మెడ పానా వస్తుంది, కింద నుంచి నిలువుగా పట్టి తిప్పాలి. ఉన్నది ఒక్కటే. గంటన్నర కిందట ఓ మేడంగారు పట్టుకెళ్ళిపోయారు. కాగితం నట్టుకి అదిమి, పైన సుద్ద రుద్ది అచ్చు తీసుకొచ్చారండీ! పక్కన గోడకెంత, లోపలికెంత అని కొలతలు కూడా రాశారు. ముప్పై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నాను, ప్లంబర్లు కూడా అలా తేలేదు."

"ఆవిడ మెడలో... కుట్టుపని టేపు ఉందా?"

"ఉందండీ. మీకెలా తెలుసు?"

రాయుడు బిక్కమొహంతో ఇల్లు చేరాడు. కొత్త కుళాయి గీత పడకుండా తళతళలాడుతోంది. బేసిన్ గోడకి ఆనుకుని బుద్ధిగా ఉంది. తల్లి అవసరం లేకపోయినా చేతులు కడుక్కుంటోంది. "చుక్క కారితే ఒట్టురా," అంది. ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు మిషను ముందు కూర్చుని కాలరు కుడుతోంది.

రాయుడికి లోలోపల గర్వంగానే ఉంది. కానీ అలమారా గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. "పందెం ఏమిటి? బయటి మనిషి చెయ్యి పడకుండా ఈ ఇంట్లో కుళాయి బిగిస్తే అలమారా నాదన్నాను. ఎవరు బిగించాలో అన్నానా? కాబట్టి గెలిచింది నేనే!"

తల్లి నోరెళ్ళబెట్టింది. ఆవిడ మిషను ఆపి లేచింది.

"సరేనండీ. అలమారా మీదే, కుళాయి బిగించిన పేరూ మీదే. కింది వాటాలో పిన్నిగారి కుళాయిలు మూడు కారుతున్నాయట, ఎవరైనా ఉంటే చెప్పమన్నారు. ఇప్పుడే మిమ్మల్ని పంపిస్తున్నానని చెప్తాను." బాల్కనీ వైపు నాలుగడుగులు వేసింది.

మూడు కుళాయిలు, మూడు నట్లు, మూడు గోడలు. పైగా పిన్నిగారింట్లో హాలంతా తివాచీ.

"ఆగవే తల్లీ, ఆగు!" రాయుడు అడ్డంగా నిలబడి జేబులోంచి తాళంచెవి తీశాడు. "నాలుగు అరలూ నీవే. పిన్నిగారికి మాత్రం నా పేరు చెప్పకు."

"అలా కాదు. బిగించింది ఎవరో మీరే చెప్పండి."

రాయుడు బాల్కనీలోంచి వంగి, వీధంతా వినబడేలా అరిచాడు. "పిన్నిగారూ! కుళాయి బిగించింది నేను కాదండోయ్, మా ఆవిడ!"

"తెలుసు బాబూ!" అని కింద నుంచి జవాబొచ్చింది. "ఇందాకే వచ్చి మావి మూడూ కూడా బిగించి వెళ్ళింది!"