అత్త పైవరస

"ఈ ఎడారిలో నేరం ఎంత లోతున దాక్కున్నా, దాని వాసన పట్టే ముక్కు ఒక్కటే ఉంది!" అని మా ఆయన లెస్టర్ తన ముక్కు ఎగరేశాడు. పొయ్యిమీద మాడుతున్న రొట్టె వాసన మాత్రం ఆ ముక్కుకి అందలేదు.

ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర మా జంతువుల పార్కులో ఈయన గేటు మనిషి. డిటెక్టివ్ అన్నది తనకు తనే ఇచ్చుకున్న బిరుదు. ఆవేళ సందర్శకుల బస్సు వచ్చే ముందు ఆగ్నెస్ అత్త నోటికి చెయ్యడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఒలేయ్, నా పల్లు పోయాయిలా! కులాయి దగ్గర కడిగి బండమీద పెట్టా!"

అత్తవి కట్టుడు పళ్ళని ఊరందరికీ తెలుసు, మా డిటెక్టివ్‌కి తప్ప.

వచ్చినవాళ్ళకి మా ఆదివాసుల అరెంటె భాషలో స్వాగతం చెప్పేది అత్తే. కొత్త మేనేజరు కర్టిస్ ఇదే అదనని స్పీకరు పెట్టె తెచ్చాడు. "మీకెందుకండీ శ్రమ? ఇవాళ్టినించి రికార్డు వేసేద్దాం."

"మా నేల తలఫున పెత్తె మాత్లాడుతుందా?" అంది అత్త. కళ్ళలో నీళ్ళు.

లెస్టర్ విచారణ మొదలెట్టాడు. "ఎన్ని పళ్ళు?"

"పైవలస మొత్తం."

"పైవరసా! చెట్టెక్కిన దొంగన్నమాట! మెత్తనివా?"

"గత్తివేలా!"

"పచ్చివి! ఎమూలు ఎగబడి తినే క్వాండాంగ్ పళ్ళే! ఇది ఎమూ పని!"

"ఏమయ్యా, అవి పండ్లు కావు..." అన్నాను.

"సాక్షి అడిగితేనే నోరు విప్పాలి!"

సరే, విప్పలేదు. నేనూ అత్తా కుళాయి చుట్టూ వెతుకుతుంటే, ఈయన ఎమూల దొడ్లో దూరి, గింజల కోసం పెంటలో పుల్ల పెట్టి కెలుకుతున్నాడు. వెనకనించి ఎమూ ఒక్క పోటు పొడిచింది. డిటెక్టివ్ కంచె మీదుగా ఎగిరి అవతలి పొదలో పడ్డాడు.

"హత్య! పుర్రె! నన్ను చూసి నవ్వుతోంది!"

పరిగెత్తాం. పొద కింద పుల్లలు పేర్చిన చిన్న పందిరి. దాని ముందు తెల్లటి ఎముకలు, నత్తగుల్లలు. ఆడపిట్టని మెప్పించడానికి పందిరిపిట్ట ఏరుకొచ్చి పరిచిన పెళ్ళివాకిలి. నట్టనడుమ అత్త పైవరస.

"ఇవా పళ్ళు!" లెస్టర్ నోరు తెరిచాడు. "మరి పండ్లేవీ?"

అత్త వాటిని కడిగి పెట్టుకుని, బస్సు దిగినవాళ్ళ ముందు నిలబడి నిండుగా అరెంటెలో పలికింది. మధ్యలో కొమ్మమీంచి పందిరిపిట్ట గీపెట్టింది. అత్త అటు తిరిగి, తన పళ్ళమీద వేలితో తట్టి, అందరికీ తెలిసేలా ఇంగ్లీషులో అంది.

"ఏరా పెళ్ళికొడకా, నీ ముఖం చూపించి పిల్లనడగలేవూ? ముసలిదాని నవ్వు అరువు తెచ్చుకుంటావా?"

బస్సు బస్సంతా విరగబడి నవ్వింది. కర్టిస్ చప్పుడు చెయ్యకుండా పెట్టె చంకనెత్తుకుని లోపలికి నడిచాడు.

"ఆగు! ఆ పెట్టెని ఎక్కడికి తరలిస్తున్నావ్?" అంటూ మా ఆయన కుంటుతూ వెంటపడ్డాడు.