మూడున్నర గంటల దూరం

గోపాలప్పతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే: ఆయనకు తెలియని సంగతి లేదు. దోసెపిండి ఎందుకు పులియలేదో, శ్రీనివాసపురం మామిడి ఎప్పుడు కోయాలో అన్నీ ఆయనే చెప్పాలి. బంగారు గనులు మూతబడి ఆయన ఇంటిపట్టున కూర్చున్నాక ఆ జ్ఞానాన్నంతా భార్య విశాలమ్మ ఒక్కతే భరించింది. అందుచేత టాంజానియాలో ఏదో గనికి మేస్త్రీగా రమ్మని పిలుపొచ్చినప్పుడు ఆమె సంతోషించవలసింది. వద్దంది.

ఆయన టికెట్టు తెచ్చి చూపించాడు. బొంబాయిలో ఉదయం ఆరున్నరకు ఎక్కడం, దార్ ఎస్ సలాంలో పదికి దిగడం. "మూడున్నర గంటలే విశాలా. తిరుపతి బస్సు గూడా అంత బిన్నా పోదు." పక్క ఊరే కదా అని ఆమె తల ఊపింది.

ఆయన విమానమెక్కిన ఉదయం విశాలమ్మ పొయ్యి వెలిగించలేదు. మగవాడు గనిలోంచి పైకి వచ్చేదాకా ముద్ద ముట్టకూడదన్నది అత్తగారు పెట్టిన పద్ధతి. కిందికి పోయినా పైకి పోయినా కాళ్లు నేలమీద లేనట్టే కదా అనుకుంది. పది దాటింది. పదకొండు దాటింది. ఫోను మోగలేదు. ఇంట్లో ఆమే, గడియారమూ.

పక్కింటి నరసమ్మ కరివేపాకు కోసం వచ్చి, సంగతి విని, తనూ పొయ్యి ఆర్పేసి వచ్చింది. "గనిలోంచి మనుషుల్ని తెచ్చే బోను పైకి రాలేదంటే ఏదో అయ్యుంటాది గదక్కా" అని కూర్చుంది. ఆ మాట గనివాళ్ల లైను ఇళ్లన్నీ తిరిగి, ఒకప్పుడు ప్రమాదం జరిగితే గని మొగదల గుమిగూడినట్టు ఆడవాళ్లంతా వచ్చేశారు. ఎదురింటి సొన్నప్ప రేడియో తెచ్చాడు. అందులో విమానం ఊసే లేకపోయేసరికి దాస్తున్నారని తేల్చాడు. గని రక్షకదళంలో పనిచేసిన రామాంజినప్ప పాత అలవాటుకొద్దీ స్ట్రెచరు మోసుకొచ్చి గుమ్మానికి ఆనించాడు. దాన్ని చూసిన చివరింటివాళ్లు పూలదండతో వచ్చారు. గనులు మూతబడ్డాక ఆ ఇంటికి అంతమంది రావడం అదే మొదలు. ఏడుపు మధ్యలోనే విశాలమ్మకు చాపలు చాలవేమోనన్న దిగులు పట్టుకుంది.

ఒంటిగంట కావస్తుండగా ఫోను మోగింది.

"చెప్పిన టయానికే పదికి దిగినాను విశాలా." గోపాలప్ప గొంతు గదంతా వినబడింది.

దిగాడని తెలియగానే అందరికీ ఆకలి గుర్తొచ్చింది. రేడియో, స్ట్రెచరు, దండ వచ్చిన దారినే పోయాయి. రిసీవరు పట్టుకుని విశాలమ్మ ఖాళీ చాపల మధ్య నిలబడింది.

"ఈడ ఒంటిగంట అవతా ఉండాది" అంది.

అవతల ఆయన ఎవరినో అడుగుతున్నట్టు వినిపించింది. "ఈ దేశం గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనకంట. మన మైనులో ఎంత లోతు దిగినా అదే టైము గదా, నాకేం తెల్సు?"

"అట్లయితే ఎన్ని గంటల దూరం?"

"ఆరు. నేను చెప్పింది తప్పే విశాలా. శానా దూరం."

పెళ్లయినప్పటి నుంచి ‘తప్పే’ అన్న ఆ మాట కోసం ఎదురుచూసిన విశాలమ్మకు, దాన్ని వినడానికి సాక్షిగా ఒక్క మనిషైనా మిగల్లేదు.