మూసిన తలుపు వెనక నీలం డ్రాగన్

"నేరస్థుడు పాతాళంలో దాక్కోనీ, ఆకాశానికి ఎగిరిపోనీ... వాడి కొలతలు ఈ కత్తెర దగ్గరుంటాయి!"

టైలరు ఈ మాటన్నది అద్దంతో. అద్దం ఏమీ అనలేదు. పాంటు కోసం వచ్చిన మాస్టారు మాత్రం ఊరుకోలేదు. "నేరస్థుడి కొలతలు సరే, నా కొలతలు ఎక్కడ పారేశావయ్యా? ఇది మా మనవడికి కూడా ఎక్కదు!" అన్నాడు.

అంతటి మేధావి ఇలాంటి చిల్లర విషయాలు పట్టించుకుంటాడా? కుట్టుపని పొట్ట కోసం, డిటెక్టివ్ పని లోకకల్యాణం కోసం అని అతను ఏనాడో తేల్చేసుకున్నాడు. 'డిటెక్టివ్ కత్తెర' అనే బిరుదు ఎవరూ ఇచ్చేలా కనపడకపోతే తనే ఇచ్చుకున్నాడు. ఇప్పటిదాకా ఛేదించింది ఒకే ఒక్క కేసు, తన సైకిలు దొంగతనం. నిజానికి దాన్నెవరూ ఎత్తుకెళ్ళలేదు. బజార్లో పెట్టి, ధ్యాస లేక నడిచి ఇంటికొచ్చేశాడు, అంతే.

అంతలో చెల్లెలి ఫోను. "అన్నయ్యా, ఉన్నపళంగా రా. నాకు భయంగా ఉంది."

మన కత్తెర మెడలో టేపుతోనే పరిగెత్తాడు. మాస్టారు బిగుతు పాంటుతో అలాగే నిలబడిపోయాడు, పాపం.

వంటగదిలో చెల్లెలు టీ గ్లాసు చేతికిచ్చి గొంతు తగ్గించింది. "పిడుగు ఓ బొమ్మల సీరియల్ చూస్తోందన్నయ్యా. డ్రాగన్లు, మంత్రాలు, ముసుగు మాంత్రికుడు... సాయంత్రమయ్యేసరికి గదిలో దూరి తలుపేసుకుంటుంది. కాసేపటికి లోపల్నుంచి ఏడుపు. వెక్కివెక్కి ఏడుపు! తలుపు కొడితే ఎంతకీ తియ్యదు. తీశాక అడిగితే 'ఏం లేదమ్మా' అని మొహం తిప్పేసుకుంటుంది."

పిడుగు అంటే మేనకోడలు. మూడో క్లాసు. పేరుకు తగ్గ పిల్ల.

"ఆధారాలు?"

చెల్లెలు రెండు రుమాళ్ళు చూపించింది. "దిండు కింద దొరికాయి. తడితడిగా."

కత్తెర వాటిని టేపుతో కొలిచాడు, వాసన చూశాడు, అంచు కుట్టు మీద గోరుతో గీశాడు. "పెద్ద గళ్ళ రుమాలు. మగవాడిది. వయసు మళ్ళినవాడు, ముక్కు పెద్దది. చెల్లీ, ఆ గదిలో ఓ అపరిచితుడున్నాడు!"

"అవి మా మావయ్యగారివి అన్నయ్యా. ఆయన పోయి ఏడాది దాటింది కదా!"

కత్తెర రుమాళ్ళను రెండు వేళ్ళతో దూరంగా పట్టుకున్నాడు. "అయితే... కేసు నేననుకున్నదానికన్నా లోతైనది."

"నీ లోతులు తర్వాత. పిల్ల నా దగ్గర ఓ విషయం దాచడం ఇదే మొదటిసారి. అన్నం కూడా సహించట్లేదు నాకు." చెల్లెలు రుమాళ్ళు లాక్కుంది. "ఆ సీరియల్ చూసి పిల్ల జడుసుకుంటుంటే ఇవాళే కేబుల్ కనెక్షన్ పీకించేస్తా. అది పిల్లలు చూడదగ్గదో కాదో నువ్వు తేల్చు."

ముందుగా నిందితురాలి విచారణ జరిగింది. పిడుగు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నిజం చెప్పు. ఆ డ్రాగన్ ఇప్పటిదాకా ఎంతమందిని మింగింది?"

"అది ఆకులు తింటుంది మావయ్యా."

కత్తెర మొహం వాడిపోయింది. "పోనీ, ఊళ్ళు తగలబెట్టిందా?"

"లేదు. దాని జత డ్రాగన్ తప్పిపోయింది. కొండలన్నీ దాటుకుంటూ వెతుకుతోంది. ఇవాళే ఆఖరి భాగం." పిడుగు అతని చెయ్యి పట్టేసుకుంది. "ఆపెయ్యొద్దని అమ్మతో చెప్పు మావయ్యా. నా కోసం కాదు, ఒట్టు!"

"మరెవరి కోసం?"

పిడుగు రెండు చేతులతో నోరు మూసుకుంది. కత్తెరకు అంతా అర్థమైపోయింది. అంటే, ఏమీ అర్థం కాలేదు. ఏదో ముఠా పిల్ల నోరు నొక్కేసిందని నిర్ధారించుకున్నాడు.

సాక్ష్యం కోసం పాత భాగం ఒకటి పెట్టించుకుని చూశాడు. ముసుగు మాంత్రికుడు తెర మీదికి రాగానే దిండు చాటుకు వెళ్ళిపోయాడు.

"భయమేసిందా మావయ్యా?"

"ఛఛ! ఈ దిండు కుట్టు ఎలా ఉందో చూస్తున్నా."

ఇక మిగిలింది నిఘా. పిడుగు మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. చెల్లెలి అత్తగారు చేతికర్ర పట్టుకుని, "పార్కుదాకా నడిచొస్తా," అంటూ వీధి తలుపు దాటారు. ఇంటాయన ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. ఇదే అదననుకుని కత్తెర పిల్ల గదిలోని బట్టల బీరువా ముందు నిలబడ్డాడు. ఊళ్ళోవాళ్ళ నడుములన్నీ కొలిచిన మనిషికి తన నడుం కొలత తెలీదు. పొట్ట లోపలికి పీల్చి, గౌన్ల మధ్య ఇరుక్కుని, ఎలాగో తలుపు లాక్కున్నాడు. ఊపిరి వదలగానే తలుపు కిర్రుమంది. మొహం మీద నల్ల రెయిన్‌కోటు వేలాడుతోంది. ముక్కు కింద కలరా ఉండలు.

పిడుగు వచ్చి తలుపు గడియ వేసి టీవీ పెట్టింది. తర్వాత ఆ గదికే ఉన్న వెనక వరండా తలుపు చప్పుడైంది. టక్, టక్, టక్. మూడేసి అడుగులు.

'మూడు కాళ్ళ జీవి!' కత్తెర జుట్టు నిక్కబొడుచుకుంది.

టీవీలో డ్రాగన్ గొంతు వినబడింది. "నువ్వు లేని గూటికి నేనెలా తిరిగి వెళ్ళను?"

గదిలో ఏడుపు మొదలైంది. లోపల్నుంచి తన్నుకొచ్చే ఏడుపు. అది వింటూ కత్తెర తను డిటెక్టివ్ అన్న సంగతే మర్చిపోయాడు. పాపం ఆ డ్రాగన్ అనుకుంటూ గట్టిగా ముక్కు ఎగబీల్చాడు. కలరా ఉండల ఘాటు నషాళానికి అంటింది.

"హా...చ్!"

బీరువా తలుపు ఫట్‌మని తెరుచుకుంది. రెయిన్‌కోటు నెత్తిన కప్పుకుని, గౌన్లన్నిటినీ మీదేసుకుని మన మేధావి బోర్లా పడ్డాడు.

"ముసుగువాడు!" అని ఓ గొంతు గర్జించింది. "రెక్కలు విప్పు నీలమా! వీడి ఆట కట్టించు!"

వీపు మీద చేతికర్ర దెబ్బ ఒకటి, ఆపైన మరొకటి పడ్డాయి.

"బాబోయ్! నేను! టైలర్ని!"

చెల్లెలు వెనక వరండాలోంచి పరిగెత్తుకొచ్చింది. వచ్చేసరికి అత్తగారు మంచమెక్కి కర్ర ఎత్తి నిలబడ్డారు. రెండో చేతిలో గళ్ళ రుమాలుంది. చెల్లెలు ఆవిణ్ణి చూడలేదు. తిన్నగా కూతురి దగ్గరికి వెళ్ళి రెండు చెంపలూ తడిమింది.

"నువ్వు... నువ్వు ఏడవట్లేదా?"

"నేనెందుకు ఏడుస్తానమ్మా?"

అప్పుడు చూసింది అత్తగారి మొహం. తడిసి ముద్దయి ఉంది.

ఆవిడ మెల్లగా దిగి మంచమంచున కూర్చున్నారు. "ఏడ్చేది నేనేనమ్మా. ఆయన పోయిన్నాడు నీ మొగుడు నా మొహం చూసే ధైర్యం తెచ్చుకున్నాడు. నేను కూడా ఏడిస్తే వాడేమైపోతాడని బిగబట్టుకున్నా. ఆ తర్వాత ఏడుద్దామన్నా రాలేదు. ఈ నీలం డ్రాగన్ ఏడుస్తుంటే ఇక ఆగలేదు. ముసల్ది బొమ్మలు చూసి ఏడుస్తోందని నవ్వుతారేమోనని పార్కు వంకతో వెనక తలుపున వస్తూ పిల్ల చేత ఒట్టేయించుకున్నా. తప్పు నాదే. దాన్నేమీ అనకు."

చెల్లెలి మనసులో పిల్లకి ఏ భయమూ లేదన్న నిశ్చింత ఓ పక్క, ఇంట్లో మనిషి ఏడాదిగా ఇంత దుఃఖం మింగుకుని తిరుగుతుంటే తెలుసుకోలేకపోయానన్న బాధ ఓ పక్క. ఆవిడ పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టేసింది. "నా దగ్గర ఏడవొచ్చుగా అత్తయ్యా," అంది.

"నువ్వూ ఏడుస్తావు కదే పిచ్చిదానా."

"అయితే ఏం? ఇద్దరం ఏడుద్దాం."

కింద కత్తెర గౌన్లలోంచి తల పైకెత్తి వీపు రుద్దుకున్నాడు. "చూశారా! బీరువాలోంచి పడటం మొదట్నుంచీ నా పథకంలో భాగమే. నేరస్థురాలు నోరు విప్పింది."

"ఆ నేరస్థురాలు ఇంకోటి వెయ్యనా?" అన్నారు అత్తగారు కర్ర సవరించుకుంటూ. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేశారు.

"అమ్మా, మరి ఆపేస్తావా?" పిడుగు గొంతు చిన్నదైపోయింది. టీవీలో డ్రాగన్ ఇంకా ఆఖరి కొండ దగ్గరే ఉంది.

చెల్లెలు అన్న వైపు తిరిగింది. "నిన్ను పిలిచింది తేల్చడానికే కదా. తేల్చు మరి. పిల్లలు చూడొచ్చా, చూడకూడదా?"

కత్తెర లేచి నిలబడి, రెయిన్‌కోటు చేతికి ముక్కు తుడుచుకుని, న్యాయమూర్తిలా గొంతు సవరించుకున్నాడు.

"పిల్లలు నిక్షేపంగా చూడొచ్చు. పెద్దవాళ్ళు మాత్రం పక్కన పిల్లలు లేకుండా చూడకూడదు," అన్నాడు. అని, అందరికన్నా ముందు తనే వెళ్ళి పిడుగును ఆనుకుని కూర్చున్నాడు.