పదిహేను హెచ్‌పీ గుండెజబ్బు

ఆ ఉదయం విల్‌ఫ్రీదో పెట్టుకున్న పని ఒక్కటే. మంతా పట్నం వెళ్ళి, పాడైపోయిన నలభై హెచ్‌పీ మోటారు స్థానంలో పదిహేనుది కొనుక్కురావడం. అతని పడవ చిన్నది, వల వేసేది ఒడ్డుకు కనిపించేంత దూరంలోనే. నలభై బరువుకి పడవ వెనక భాగం కుంగి నీళ్ళెక్కేది, ముందు భాగం ఆకాశంకేసి లేచేది. "ఆ పిట్టంత పడవకి అంత మోటారెందుకయ్యా?" అని భార్య దెయిఫీలియా ఆరేళ్ళుగా పోరుతూనే ఉంది.

చిక్కల్లా జ్ఞానతండ్రితో వచ్చింది. ఆ తీరంలో కొత్త మోటారుకి కూడా పసిబిడ్డకిలాగే జ్ఞానస్నానం చేయిస్తారు. ఫాదర్ నీళ్ళు చల్లుతుంటే మోటారు మీద చెయ్యేసి జ్ఞానతండ్రి నిలబడాలి. పట్నం బయల్దేరే ముందు విల్‌ఫ్రీదో వెళ్ళి బావమరిది అతనాసియోని అడిగాడు. అతనిది డెబ్బై అయిదు హెచ్‌పీ. మగవాణ్ణి మోటారునిబట్టి కొలిచే రకం.

"పదిహేనా?" అతనాసియో నోట్లో అరటికాయ ముద్ద అలాగే ఉండిపోయింది. "నిజం చెప్పు బావా. ఒంట్లో ఏమైంది?"

"నాకేమైందిరా? పడవకి అది చాలు."

"గుండేనా?"

"గుండే లేదు, గాడిద గుడ్డూ లేదు!"

"సర్లే, ఎవరికీ చెప్పన్లే," అంటూ అతనాసియో కళ్ళు తుడుచుకున్నాడు.

ఎవరికీ చెప్పకుండానే మధ్యాహ్నానికల్లా ఊరంతా చుట్టేశాడు. సాయంత్రానికి పక్కింటావిడ వేరుశెనగ వేసి కాచిన చేపల పులుసు తెచ్చి, పడుకుని తాగమంది. మర్నాడు ఫాదర్ స్వయంగా వచ్చి, చెప్పుకోవలసిన పాపాలేమైనా ఉన్నాయా నాయనా అని మెల్లగా అడిగాడు.

దెయిఫీలియా అయితే ఏడుపే ఏడుపు. "నా దగ్గర కూడా దాచావా?"

"దాచిందేముందే! నువ్వు చెప్పావనే కదా చిన్నది కొన్నాను!"

"పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో నా మాట ఎప్పుడు విన్నావయ్యా? అందుకే కదా నాకీ భయం!"

వీటన్నిటికీ విల్‌ఫ్రీదో నవ్వి ఊరుకున్నాడు. కానీ పండగ కమిటీ వాళ్ళు వచ్చినప్పుడు మాత్రం నవ్వలేకపోయాడు. ఏటా జూన్ ఇరవై తొమ్మిదిన జాలర్లని కాచే పునీతుడు సాన్ పెద్రో విగ్రహం సముద్రం మీద ఊరేగేది విల్‌ఫ్రీదో వాళ్ళ పడవలోనే. తాత మోశాడు, నాన్న మోశాడు, తనూ మోస్తున్నాడు. "నీ ఆరోగ్యం ముఖ్యం, ఈసారి అతనాసియో చూసుకుంటాడు," అన్నారు వాళ్ళు ఎంతో ప్రేమగా. వాళ్ళు వెళ్ళాక అతను ఖాళీ పడవలో కూర్చుని చాలాసేపు ఏడ్చాడు పాపం.

పండగనాడు విగ్రహం, పూలు, కొవ్వొత్తులు, ఫాదరూ అతనాసియో పడవెక్కారు. విల్‌ఫ్రీదో అందరికంటే వెనక బయల్దేరాడు. దీపాలు ఆరకుండా ఊరేగింపు మనిషి నడకంత నెమ్మదిగా సాగాలి. డెబ్బై అయిదుకి ఆ నడక అలవాటు లేదు. ప్లగ్గులకి ఆయిలు పట్టి, దగ్గి, పొగ కక్కి నడి నీళ్ళలో ఆగిపోయింది. పడవ రాళ్ళకేసి కొట్టుకుపోసాగింది. ఆదుకుందామని పెద్ద మోటార్లన్నీ ఒక్కసారి హోరెత్తుకుంటూ వచ్చేసరికి, అలలకి సాన్ పెద్రో అటూ ఇటూ ఊగిపోయాడు.

"దూరంగా పోండ్రా! సామి పడిపోతాడు!" విగ్రహాన్ని వాటేసుకుని అరిచాడు ఫాదర్.

"బావా! తాడు!" అతనాసియో గొంతు కీచుమంది.

విల్‌ఫ్రీదో తాడు విసిరాడు. పదిహేను ఏ తొందరా లేకుండా, అల లేపకుండా, సామిని ఒడ్డుదాకా లాక్కొచ్చింది. ఒక్క కొవ్వొత్తి కూడా ఆరలేదు.

"చూశారా! సామి మా బావ గుండె బాగుచేశాడు!" అని ఒడ్డున అతనాసియో కేక వేస్తే ఊరంతా చప్పట్లు కొట్టింది. అసలు జబ్బే లేదని చెప్పబోయిన విల్‌ఫ్రీదోని దెయిఫీలియా గట్టిగా గిల్లింది.

"నోర్మూసుకో. తగ్గిందను."

"తగ్గింది," అన్నాడు విల్‌ఫ్రీదో. వచ్చే ఏడు సామి నీ పడవలోనే అని కమిటీ అక్కడికక్కడే చెప్పేసింది.

జ్ఞానస్నానానికి అతనాసియో చొక్కా మార్చుకుని మరీ వచ్చాడు. మోటారు మీద చెయ్యి వేసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "బావా, ఈ పదిహేను కొన్న కొట్టెక్కడ? ఈమధ్య నాక్కూడా గుండెలో అదోలా ఉంటోంది."

నెల తిరక్కుండా ఊళ్ళో అయిదుగురికి గుండెజబ్బు వచ్చింది.