పావుగంట చార్టు

ఆ బుధవారం పొద్దున్న కొత్త సిస్టర్ తన పనులన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకుంది. ఏడింటికి స్నానం. ఎనిమిదింటికి రిహార్సల్. ఎనిమిదిన్నరకి బట్టలు ఇస్త్రీ. పదింటికి ఏదో ఒకటి తినడం. పదకొండింటికి లాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ. అడుగున "భయపడకూడదు" అని కూడా రాసింది కానీ, దానికి టైము వేయలేదు.

కొత్త సిస్టర్ అంటే నిన్నో మొన్నో ఉద్యోగంలో చేరిన మనిషి అనుకునేరు. మానసిక వైద్యశాల రెండో వార్డులో నర్సుగా చేరి రెండేళ్ల నాలుగు నెలలైంది. సొంత భాషలో ఆమెది చక్కని పేరే. ఈ ఊరివాళ్ల నాలుక మీదకు మాత్రం ఎక్కలేదు. మొదటిరోజు హెడ్ సిస్టర్ మూడుసార్లు ప్రయత్నించి, "పోనీలే, కొత్త సిస్టర్ అనేద్దాం" అని చేతులెత్తేసింది. ఆ తర్వాత వార్డులోకి ఇంకో నలుగురు కొత్తవాళ్లు వచ్చారు. వాళ్లని పేర్లతోనే పిలుస్తారు.

అసలు కొత్త సిస్టర్‌వాళ్ల జనమే తక్కువ. వాళ్ల భాష మాట్లాడే మనిషి ఈ ఊళ్లో ఆమె ఒక్కతే. అంచేత రెండేళ్ల నుంచి ఆ భాషలో ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు, ఎవరినీ తిట్టలేదు, ఎవరిచేతా "తిన్నావా" అని అడిగించుకోలేదు. ఆదివారం ఆదివారం అమ్మ ఫోను చేస్తుంది, సిగ్నలు దయతలచినంతసేపు.

ఒకసారి ఆమె సెలవులో ఉన్నప్పుడు వాళ్లవైపు ముసలాయన ఒకాయన్ని ఎక్కడి నుంచో తెచ్చి వార్డులో చేర్చారు. ఆయన మాట ఎవరికీ అర్థం కాలేదు. "తనలో తాను గొణుగుతున్నాడు" అని ఎనిమిది రోజులు కేసుషీటులో రాశారు. తొమ్మిదోరోజు ఆమె డ్యూటీకి వచ్చి వింది. ఆయన అడుగుతున్నది దుప్పటి.

ఆ రోజే ఆమె ఫెలోషిప్‌కి దరఖాస్తు పెట్టింది. ఇలాంటి చిన్న సమాజాల నుంచి వచ్చిన నర్సులు మానసిక వైద్యంలో పీజీ చేయడానికి ఇచ్చేది అది. సీట్లు ఆరే. వయసు నిబంధన ప్రకారం ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. వస్తే అలాంటి ముసలాయనలకు దుప్పటి మొదటిరోజే అందుతుంది. రాకపోతే రిటైరయ్యేదాకా ఆమె కొత్త సిస్టరే. రాకపోతే నవ్వుతారని వార్డులో ఎవరికీ చెప్పలేదు కూడా.

అంతా బాగానే ఉంది కానీ, ఇంటర్వ్యూ ఉత్తరంలో ఒక మెలిక ఉంది. "మీకు తెలిసిన ఒకరిని రోగిగా ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒంటరితనంతో బాధపడే మనిషితో ఎలా మాట్లాడతారో పది నిమిషాలు చూపించవలెను." ఈ వాక్యం చదివినప్పుడు కొత్త సిస్టర్ గుండెల్లో రాయి పడింది. మాట్లాడి చూపించమంటే చూపిస్తుంది. తెలిసిన ఒకరిని ఎక్కడి నుంచి తెచ్చేది?

హెడ్ సిస్టర్‌ని అడుగుదామని రెండుసార్లు ఆవిడ గదిదాకా వెళ్లింది. రెండుసార్లూ నీళ్లు నమిలి, "బ్యాండేజీలు ఎక్కడున్నాయండీ?" అని అడిగి తిరిగొచ్చింది. ఇక మిగిలింది మేడమీది గది ఆమెకు అద్దెకిచ్చి కింద ఉండే ఇంటావిడ. ఆవిడా ఒంటరి మనిషే. వాళ్లిద్దరి మధ్యా రెండేళ్లుగా జరిగిన సంభాషణ మొత్తం "నీళ్లొస్తున్నాయా?", "వస్తున్నాయండీ". ఆ చనువుతో ఎవరైనా ఎవరినైనా ఏం అడగగలరు?

చివరికి కొత్త సిస్టర్ తన దిండుకి శాలువా కప్పి, కుర్చీలో కూర్చోబెట్టి, దాని ముందు గ్లాసుతో మంచినీళ్లు పెట్టింది. రోగి మాటలు బొంగురుగొంతుతో, నర్సు మాటలు మెత్తగా, రెండూ తనే చెప్పడం మొదలుపెట్టింది.

"నాకెవరూ లేరు. చచ్చినా బతికినా అడిగే దిక్కు లేదు!" అంది బొంగురుగొంతు.

"అలా అనకండి, నేనున్నాగా. చెప్పండి," అంది మెత్తని గొంతు.

సరిగ్గా అప్పుడే తలుపు మీద దబదబా చప్పుడైంది. తీస్తే ఇంటావిడ, మెట్లెక్కిన ఆయాసంతో.

"ఎవరొచ్చారు అమ్మాయ్?"

"ఎవరూ రాలేదండీ."

"రెండు గొంతులు వినిపించాయే! ఎవరితో మాట్లాడుతున్నావు?"

కొత్త సిస్టర్‌కి అబద్ధం చెప్పడం చేతకాదు. ఆ లోపం వల్ల మనిషికి ఎన్ని కష్టాలొస్తాయో ఆమెకు అప్పటికింకా తెలియదు. దిండుని చూపించి, "దీంతోనండీ," అంది.

ఇంటావిడ దిండుని చూసింది, శాలువాని చూసింది, మంచినీళ్లు చూసింది. "ఏమంటోంది?" అని అడిగింది జాగ్రత్తగా.

"ఎవరూ లేరంటోందండీ."

"అయ్యో పాపం," అంది ఇంటావిడ, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ. "సరే, మాట్లాడుకోండి ఇద్దరూ." కిందకి దిగీ దిగగానే అద్దె కాగితం వెతికి, అత్యవసరమైతే ఫోను చేయాల్సిన నంబరు నొక్కింది. ఆ గడిలో రాయడానికి కొత్త సిస్టర్‌కి ఈ ఊళ్లో ఇంకెవరూ లేక, రెండో వార్డు నంబరే రాసి ఉంది.

ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న హెడ్ సిస్టర్, ఆవిడ వెనకాల ఆయమ్మ, అరగంటలో వచ్చేశారు. ఇంకెక్కడైనా ఇలాంటి కబురొస్తే జనం కంగారుపడతారు. వీళ్లు కంగారుపడరు, పద్ధతి ప్రకారం పోతారు. కంగారైతే కాసేపటికి తగ్గుతుంది. పద్ధతి తగ్గదు.

"ఏం లేదమ్మా, ఊరికే చూసిపోదామని," అంది హెడ్ సిస్టర్. ఆ గొంతు కొత్త సిస్టర్‌కి బాగా తెలుసు. కొత్త రోగులతో మాట్లాడే గొంతు.

"నాకేం కాలేదండీ!"

"అలాగే, అలాగే," అంటూ హెడ్ సిస్టర్ అట్టకి బిగించిన చార్టు తీసి, "తనకేం కాలేదంటోంది" అని రాసుకుంది. "ఇవాళ ప్రోగ్రామేంటి?"

"పదకొండింటికి ఐదుగురు పెద్దవాళ్లు నన్ను చూస్తారండీ. తెరలోంచి."

ఆయమ్మ, హెడ్ సిస్టర్ మొహామొహాలు చూసుకున్నారు.

"ఎందుకు చూస్తారమ్మా?"

"వందలమందిలో నన్ను ఎంచుకున్నారండీ. కావాలంటే ఉత్తరం చూపిస్తా!" అని ఆమె లాప్‌టాప్ వైపు తిరిగేసరికి ఆయమ్మ చార్జరు పీకి చేతికి చుట్టుకుంటోంది. తనకి తాను హాని చేసుకోవచ్చనుకునే రోగి గదిలో వైర్లు ఉండకూడదు, రూలు. లాప్‌టాప్ ముసలిది, వైరు లేకపోతే నిమిషం బతకదు. తెర నల్లబడింది. అందులో ఉత్తరానికి బదులు కొత్త సిస్టర్ మొహమే కనిపించింది.

"ఇందులోనే ఉందండీ."

"ఉందిలే అమ్మా, ఎక్కడికి పోతుంది," అంది హెడ్ సిస్టర్ ఓదార్పుగా.

ఆపైన కత్తెర పోయింది, అద్దం పోయింది, బూట్ల తాళ్లు పోయాయి. ఒక చేయి మాత్రమే ఇస్త్రీ అయిన చొక్కాని మంచం మీద వదిలేసి ఇస్త్రీపెట్టె పోయింది. ఫోను హెడ్ సిస్టర్ చేతిసంచీలోకి పోయింది. గోడ మీది కాగితంలో "భయపడకూడదు" అన్న ముక్క చదివి ఆవిడ చాలాసేపు తల పంకించింది. ఆయమ్మ సామానంతా మూటకట్టి, వార్డు బీరువాలో పెట్టి తాళం వేయడానికి బయల్దేరబోయింది.

హెడ్ సిస్టర్ పెన్ను అప్పుడు చార్టులో మొదటి గడి దగ్గర ఆగింది. "అసలు నీ పేరేంటమ్మా?"

కొత్త సిస్టర్ చెప్పింది. హెడ్ సిస్టర్ పలికి చూసింది, కుదరలేదు. గుమ్మంలో ఆయమ్మ మూట దించి మరీ పలికింది, అదీ కుదరలేదు. తలుపు పక్కన నిలబడ్డ ఇంటావిడ పెదవులతో రెండుసార్లు కూడబలుక్కుని, మూడోసారి పైకి అంది. అక్షరం పొల్లుపోకుండా వచ్చింది.

రెండేళ్ల నాలుగు నెలల తర్వాత ఎదుటి మనిషి నోట తన పేరు వినేసరికి కొత్త సిస్టర్‌కి కళ్లు తిరిగినంత పనైంది. బొటబొటా కన్నీళ్లొచ్చాయి. హెడ్ సిస్టర్ చార్టులో రాసింది: "కారణం లేకుండా ఏడుస్తోంది."

ఆ తర్వాత పావుగంటకోసారి హెడ్ సిస్టర్ గడియారం చూడటం, ఆమె మొహం చూడటం, రాయడం. "కూర్చుంది." "గడియారం చూస్తోంది." "గడియారం చూస్తూనే ఉంది." కొత్త సిస్టర్ తను ఇంటర్వ్యూకి పోవాలని నాలుగు రకాలుగా చెప్పింది. నాలుగూ నాలుగు గడుల్లోకి ఎక్కాయి. ఇక నోరు మూసుకుంటే "మౌనం వహించింది" అని ఐదో గడి నిండింది. తను ఎంతమంది గురించి ఇలా రాసిందో ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గేసింది.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా హెడ్ సిస్టర్ సంచీ మోగింది.

"హలో... ఆ, పక్కనే ఉంది. ఎక్కడి నుంచి? ఫెలోషిప్ ఆఫీసా? ఎదురుచూస్తున్నారా... ఎంతమంది?" హెడ్ సిస్టర్ మొహంలో రంగులు మారాయి. "ఐదుగురా?"

ఆవిడ ఫోనుని అరచేత్తో మూసింది.

"ముందే చెప్పొచ్చుగా!" అని అరిచింది హెడ్ సిస్టర్.

"చెబుదామని రెండుసార్లు మీ గదికి వచ్చానండీ."

"ఎప్పుడొచ్చావు?"

"బ్యాండేజీలడిగినప్పుడు."

ఇక చూడాలి హడావుడి. చార్జరు వార్డు బీరువాలో ఉంది. సామాను దాచి అప్పుడే తిరిగొచ్చిన ఆయమ్మ, "తాళంచెవి స్టోరు ఆయనకిచ్చా, ఆయన టీకి వెళ్లాడు" అని కబురు చెప్పింది. ఫోనులోనే కానిద్దామన్నారు. అది నిలబడటానికి ఆనించేదేమీ గదిలో మిగల్లేదు, ఆయమ్మ అంత శుభ్రంగా ఊడ్చేసింది మరి. చివరికి ఆయమ్మే రెండు చేతులతో ఫోను పట్టుకుని నిలబడింది. కొత్త సిస్టర్ సగం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాళ్లు లేని బూట్లతో కూర్చుంది. తెర మీద ఐదుగురు పెద్దవాళ్లు కనిపించారు.

"మీ ఎదురుగా రోగిగా కూర్చునేది ఎవరండీ?" అని అడిగారు మధ్యలో ఉన్న కళ్లజోడావిడ.

కొత్త సిస్టర్ దిండు వైపు చూసింది. ఇంతలో ఇంటావిడ వచ్చి ఆ దిండుని పక్కకి నెట్టి కుర్చీలో కూర్చుంది. "నేనే," అంది.

"ఏమైంది పెద్దమ్మా? చెప్పండి," అని మొదలుపెట్టింది కొత్త సిస్టర్. రెండేళ్లుగా "అండీ"తో సరిపెట్టుకున్న మనిషి నోట ఆ పిలుపు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఏం చెప్పను? నువ్వు పొద్దున్న అన్నీ చెప్పేశావుగా, బొంగురుగొంతుతో." ఇంటావిడ పక్కనున్న దిండు మీది శాలువా సర్దింది. "నువ్వు డ్యూటీ నుంచి రాగానే రోజూ మెట్ల మీదకొచ్చి కూర్చుంటా. పైన మనిషి అడుగుల చప్పుడు వినపడుతుందని. ఇవాళ మాటలు వినపడ్డాయి. అనుమానంతో కాదు నేను పైకొచ్చింది. చుట్టాలెవరైనా వచ్చుంటే కాసేపు నేనూ కూర్చుందామని."

కొత్త సిస్టర్ నెలరోజులు బట్టీపట్టిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "అలా అనకండి, నేనున్నాగా" అనడానికి మొహం చెల్లలేదు, రెండేళ్లూ ఆమె పైనే ఉంది మరి. కుర్చీ దగ్గరకి జరిగి ఆవిడ చేయి పట్టుకుంది. "తిన్నారా?" అని అడిగింది.

"లేదు. నువ్వు?"

"నేనూ లేదు."

అంతే, ఇద్దరూ ఏడుపు మొదలెట్టారు. ఆయమ్మ ఫోను వదలకుండానే భుజానికి కళ్లు తుడుచుకుంది. హెడ్ సిస్టర్ అలవాటు కొద్దీ పెన్ను తీసి, ఏం రాయాలో తోచక మళ్లీ జేబులో పెట్టుకుంది. పది నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి, తెర మీది ఐదుగురిలో ఎవరూ ఆపమనలేదు.

చివర్లో కళ్లజోడావిడ గొంతు సవరించుకుని, "మీ రోగి చాలా సహజంగా నటించారు," అన్నారు.

"నటించిందెవరు?" అంది ఇంటావిడ కోపంగా.

శనివారం ఉత్తరం వచ్చింది. సీటు వచ్చింది. కాలేజీ రెండు బస్సులు మారితే చేరే దూరంలోనే ఉంది. ఉత్తరంలో పేరు తప్పుగా పడితే ఇంటావిడే ఆఫీసుకి ఫోను చేసి, అక్షరం అక్షరం చెప్పి దిద్దించింది.

చార్టు సంగతే మిగిలింది. ఒకసారి తెరిచిన చార్టుని డాక్టరు సంతకం లేకుండా మూయడానికి వీల్లేదని హెడ్ సిస్టర్ చేతులెత్తేసింది. డాక్టరుగారు సెలవులో ఉన్నారు, సోమవారంగానీ రారు. అందాకా చూసే బాధ్యత అదే ఇంట్లో ఉంటున్న ఇంటావిడ మీద పడింది. ఆవిడ మొదటిరోజు పావుగంటకోసారి మెట్లెక్కింది. రెండోరోజు మోకాళ్లు నొప్పెట్టి, కుర్చీ తెచ్చుకుని పైనే కూర్చుంది. "టీ తాగాం." "మళ్లీ తాగాం." "నవ్వింది, నాకు కారణం తెలుసు." గడులన్నీ అలాగే నిండాయి.

సోమవారం డాక్టరుగారు వచ్చి, చార్టు అంతా చదివి, "ఈమెను ఇక గమనించనవసరం లేదు" అని రాసి సంతకం పెట్టారు. కొత్త సిస్టర్ ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి, కాస్త దిగులుగానే ఇంటావిడ చేతికిచ్చింది.

ఇంటావిడ దాన్ని దూరంగా పట్టుకుని చూసి, దగ్గరగా పట్టుకుని చూసి, మడిచి దాచేసుకుంది. "నా కళ్లజోడు కనపడటం లేదు, తర్వాత చదువుతా," అని, పావుగంటకి మళ్లీ మెట్లెక్కింది.