బ్రౌజర్ కరువు మండలం

"ఇకపై ఈ రాష్ట్రంలో పంట కాగితం మీద ఎండదు, కంప్యూటర్ మీదే ఎండుతుంది" అని మంత్రిగారు రాజధానిలో ప్రకటించారు. పంట నష్టం దరఖాస్తులన్నీ శనివారం లోపు, ఏ మండలానివి ఆ మండలం ఆఫీసు నుంచే, ప్రభుత్వ సెక్యూర్ వెబ్‌సైట్‌లో ఎక్కించాలన్నారు. ఆ సైటు తెరవలేనంత పాత కంప్యూటర్లున్న చోట్లను 'బ్రౌజర్ కరువు మండలాలు'గా గుర్తించి ఆదుకుంటామని, ఎవరూ అడక్కముందే సెలవిచ్చారు.

రాళ్లదొడ్డి మండల పార్టీ అధ్యక్షుడు బయ్యన్న ఈ వార్తను బస్టాండు హోటల్లో చదివి, సగం తిన్న ఉగ్గాని వదిలేసి లేచాడు. ఆయన హయాంలో రాళ్లదొడ్డికి రాకుండా పోయిన కరువంటూ లేదు. తాగునీటి కరువు, పశుగ్రాసం కరువు, అన్నీ ఆయన కొట్లాడి తెచ్చినవే. ఇంత కొత్త కరువును పక్క మండలం కుందుర్పి వాళ్లు తన్నుకుపోతే మండలంలో తలెత్తుకు తిరిగేదెలా?

గురువారం సాయంత్రం ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లేసరికి అక్కడ ఘోరం జరిగిపోయి ఉంది. కంప్యూటర్ పనిచేస్తోంది.

అది తొంభై ఎనిమిదిలో కొబ్బరికాయ కొట్టించుకుని వచ్చిన కంప్యూటర్. ఇది రెండువేల ఏడు. అప్పటి కుంకుమ బొట్టు మానిటర్ మీద ఇంకా ఉంది.

"దాంట్లో ఉన్న బ్రౌజర్‌ని సైటు రానీలేదన్నా. కొత్తవేమో ఈ పాత మిషన్‌కు ఎక్కవు" అంది ఆపరేటర్ సుష్మిత ఉత్సాహంగా. "కంప్యూటర్ పత్రికతో పాటు సీడీ ఇస్తారు చూడు, దాంట్లో పాతవాటికి పనికొచ్చేది ఒకటి దొరికింది. ఉచితమే. ఇదో, కింద తాళంకప్ప బొమ్మ వచ్చినాది. అదొస్తే సైటు భద్రంగా తెరుచుకున్నట్టే. రేపు లక్ష్మీదేవమ్మక్కతో మొదలుపెడతా."

లక్ష్మీదేవమ్మ మెట్ల మీదే ఉంది, పొలంలో పీకిన ఎండు వేరుశనగ మొక్క, ఆమె మాటల్లో చెనిక్కాయ చెట్టు, చేతిలో పట్టుకుని. ఆమె మూడెకరాలూ బయ్యన్న పదెకరాలూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. ఎండడంలో మాత్రం గట్టు అడ్డం రాలేదు.

"రేపే టీం వస్తాండాది బయ్యన్నా, పాత కంప్యూటర్ల తనిఖీకి" అన్నాడు ఎమ్మార్వో గురుమూర్తి నీరసంగా.

బయ్యన్నకు రెండేళ్ల కిందటి కరువు బృందం గుర్తొచ్చింది. ఏడాదంతా చుక్క రాల్చని ఆకాశం సరిగ్గా ఆ పొద్దున కురిసింది. బృందం జీపు బురదలో దిగబడింది. వాళ్లు 'వర్షపాతం సంతృప్తికరం' అని రాసుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత మళ్లీ చినుకు లేదు.

"ఇది గూడా ఆ వానే" అన్నాడు బయ్యన్న. "ఆ సీడీది తీసేయమ్మా. టీం పోతానే మళ్లా ఎక్కిద్దువు."

"శనివారం ఆఖరన్నా!"

"శుక్రవారం టీం, శనివారం పని. మధ్యలో నీకు అడ్డమేముండాది?"

మరుసటి రోజు బృందానికి లేత కొబ్బరిబోండాల ఎళనీళ్లు, నాటుకోడి పులుసు సిద్ధమయ్యాయి. కంప్యూటర్‌ను వరండాలోకి తెచ్చి, కీబోర్డు మీద బయ్యన్న స్వయంగా పిడికెడు ఎర్రమట్టి చల్లాడు. ఏ బృందం వచ్చినా దీనంగా నిలబడడంలో లక్ష్మీదేవమ్మకు మండలంలో మంచి పేరుంది. ఆమెను పిలిపించారు.

"ఈ చెట్టు పట్టుకోని నిలబడల్లా, ఆ పెట్టె పట్టుకోని నిలబడల్లా?" అని అడిగింది.

"పెట్టె పట్టుకో అక్కా. చెట్టు పోయినసారి టీముకు."

బృందం పెద్దసారు మీట నొక్కాడు. 'మీ బ్రౌజర్‌కు అనుమతి లేదు' అని సైటు జవాబిచ్చింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని తెర నాలుగు మూలలా వెతికాడు.

"తాళంకప్ప లేదు కదా?"

"మా నాయన కాలం నుంచీ ల్యాదు సార్" అన్నాడు బయ్యన్న చేతులు కట్టుకుని.

"వెరీ శాడ్" అన్నాడు పెద్దసారు. జిల్లాలో ఇంత స్వచ్ఛమైన కరువు ఎక్కడా చూడలేదని మెచ్చుకుని, ఇంత మంచి సాక్ష్యం పాడవకూడదని కంప్యూటర్‌ను గుడ్డలో మూట కట్టించి, లక్కతో సీలు వేయించాడు. నివేదికకు ఆమోదం వచ్చేదాకా ఎవరూ ముట్టుకోరాదన్నాడు.

"సార్, ఒక్క రేపటి దినం..." అని సుష్మిత ముందుకొచ్చింది. ఆమెకు బయ్యన్న ఎళనీళ్లు ఇచ్చాడు.

శనివారమంతా లక్ష్మీదేవమ్మ ఆ మూట ముందు కూర్చుంది. పొద్దుగూకాక లేచింది.

"బయపడద్దక్కా, గవర్నమెంటు మనదే" అన్నాడు బయ్యన్న. ఆ మాట అన్నప్పుడు ఆయన నిజంగానే నమ్మాడు.

పది రోజులకు కబురొచ్చింది. రాళ్లదొడ్డిని బ్రౌజర్ కరువు మండలంగా ప్రకటించారు. బస్టాండులో టపాకాయలు కాల్చారు. కొత్త కంప్యూటర్ మంజూరైందనీ, దానికి దరఖాస్తు అదే సెక్యూర్ సైటులో పెట్టుకోవాలనీ గురుమూర్తి చెప్పబోయాడు గానీ ఆ మోతలో ఎవరికీ వినబడలేదు.

ఆ వెంటనే ఇంకో కబురు: అనంతపురంలో మంత్రిగారి చేతుల మీదుగా బయ్యన్నకు సన్మానం. ఎందుకో చెప్పలేదు. సన్మానానికి ఎందుకని అడగడం బయ్యన్న అలవాటు కాదు. లారీ నిండా జనాన్ని, దండ వేయడానికి లక్ష్మీదేవమ్మను తీసుకుని వెళ్లాడు.

"జిల్లా అంతా ఎండింది!" అన్నారు మంత్రిగారు మైకులో. "కానీ ఒక్క మండలం నుంచి, మన సెక్యూర్ సైటులో ఎంత వెతికినా, ఒక్క ఎకరా నష్టం కనబడలేదు. సున్నా! ఆ మండలం రాళ్లదొడ్డి! కరువును తరిమికొట్టిన ఆ మండలానికి పరిహారం అవసరమే లేదని సంతోషంగా తెలియజేస్తున్నాను. ఈ ఘనత సాధించిన బయ్యన్నగారిని..."

చప్పట్లు మోగాయి. బయ్యన్నకు గట్టుకు ఇటువైపున్న తన పదెకరాలు కళ్ల ముందు కదిలాయి. మైకు చేతికిచ్చారు. నోరు మాత్రం అలవాటు తప్పలేదు.

"అంతా మంత్రిగారి చలవే" అంది.

లక్ష్మీదేవమ్మ వేదిక ఎక్కి బయ్యన్నకు దండ వేసింది. తర్వాత కొంగు చాటు నుంచి ఎండు చెనిక్కాయ చెట్టు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"దీనికి ఒక్క కాయ చూపీ బయ్యన్నా" అంది.

"ఇటు చూసి నవ్వండి సార్" అన్నాడు ఫొటోగ్రాఫర్.

బయ్యన్న నవ్వాడు.

మర్నాడు పేపర్లో నలుపు తెలుపు ఫొటో పడింది. కింద ఇలా వేశారు: 'సస్యశ్యామల రాళ్లదొడ్డికి గుర్తుగా మహిళా రైతు అందించిన మొక్కను స్వీకరిస్తున్న బయ్యన్న.'